బండికి ఎదురు నిలబడ్డ మనిషి

సోమవారం పొద్దున బడికి వెళ్తూ బోధన్‌లో నేనెప్పుడూ ఆగే చాయ్ హోటల్ దగ్గర ఆగాను. హోటలామె గ్లాసు చేతికివ్వకుండానే, "ఉస్తాద్ పోయిండు సార్. నిన్న పొద్దుగూకంగ. గుండె ఆగిందట," అన్నది. ఎదురుగా ఆయన మెకానిక్ షెడ్డు మూసి ఉంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, మొదట నా బండే గుర్తొచ్చింది.

నేను పుట్టుపిరికిని. కోటగిరి బడికి బదిలీ అయ్యాక గత్యంతరం లేక నిజామాబాద్‌లో పాత మోటార్‌సైకిల్ ఒకటి కొన్నాను. అమ్మినవాళ్లు ఏడాది వారంటీ కాగితం ఇచ్చారు. గడువులోగా మరో ఏడాదికి పొడిగించుకోవచ్చు. షరతు ఒకటే, ఇంజన్‌ను బయటి మెకానిక్ విప్పకూడదు. అంటే పొడిగిస్తే ఇంజన్ మీద ఉస్తాద్ చెయ్యి పడకూడదు.

ఆ కాగితం తీస్తే చాలు, ఆయన నవ్వేవాడు. "తొవ్వల బండి ఆగితే గీ కాగితం వచ్చి కిక్ కొడ్తదా సార్? నేనున్న గద, ఎందుకు పరేషాన్?"

ఆయనకో పద్ధతి ఉండేది. చెరుకు కోతలు మొదలైతే మా రోడ్డంతా వెనక దీపాల్లేని ట్రాక్టర్లు, కింద జారే చెరుకాకు. అందుకని బ్రేకులు బిగించాక ఎవరి బండీ పరీక్షించకుండా ఇచ్చేవాడు కాదు. రోడ్డు మీద కాస్త దూరాన చేతులు కట్టుకుని నిలబడి, "నా మీదికి రా సార్. నన్ను సూసి ఆపు," అనేవాడు. మీకు నవ్వు రావచ్చు, మొదటిసారి నాకు చెమటలు పట్టాయి.

"నా వల్ల కాదు ఉస్తాద్!"

"బిగించింది నేను. నాకే భయం లేదు, నీకెందుకు?"

ఊపిరి బిగబట్టి బ్రేకు తొక్కాను. చక్రం ఆయన చెప్పులకు జానెడు ఇవతల ఆగింది. ఆయన రెప్ప కూడా వేయలేదు. "సూసినవా? ఇగ పో," అన్నాడు. ఆ రోజు బడిదాకా నిబ్బరంగా వెళ్లాను. ఆయన నాకు చేసిన మేలు అది.

ఆయన చనిపోవడానికి వారం ముందు, వారంటీ గడువు దగ్గర పడుతోందని షెడ్డుకు వెళ్లాను. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. బ్రేకులు బిగించాడు. తర్వాత తాను నిలబడే చోట ఖాళీ నూనె డబ్బా ఒకటి పెట్టి, వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల డబ్బాను సూసి ఆపు సార్."

ఆయన బిగించిన బ్రేకు మీద ఆయనకే నమ్మకం లేదా? బండి మాత్రం బాగానే ఆగింది. నేను దిగకముందే, "ఈసారి ఆ వారంటీ రాయించుకో సార్," అన్నాడు.

"ఇంజన్‌లో ఏమైనా వినపడిందా ఉస్తాద్? నిజం చెప్పు."

"ఇంజన్ బంగారం లెక్క ఉన్నది. అయినా రాయించుకో. మల్ల మర్శిపోతవ్."

నేను నమ్మలేదు. ఏదో విన్నాడు, దాస్తున్నాడు అనుకున్నాను. వారమంతా భయంతో చచ్చాను. చెరుకు ట్రాక్టర్ కనబడితే చాలు, దిగి బండి తోసుకుంటూ నడిచాను. ఎడ్లబండి తోలే ఒకాయన, "పెట్రోల్ అయిపోయిందా సార్?" అని జాలిపడ్డాడు. చక్రం, చైను, బ్రేకు అన్నీ వంగి చూశాను. ఉస్తాద్ మొహం మాత్రం ఒక్కసారీ సరిగా చూడలేదు.

"నెల రోజుల సంది ఉస్తాద్‌కు నిలవడితే దమ్ము వస్తుండె, ఊపిరి ఆడకపోతుండె," అన్నది ఆ సోమవారం హోటలామె, చాయ్ గ్లాసు చేతికిస్తూ. "గిరాకోళ్లు పరేషానయితరని ఎవలకు సెప్పనియ్యలె."

డబ్బా పెట్టిన రోజు ఆయనకు నమ్మకం లేనిది బ్రేకు మీద కాదు.

శనివారం నిజామాబాద్ వెళ్లి వారంటీ పొడిగించే కాగితం మీద సంతకం పెట్టాను. బయటి మెకానిక్ విప్పకూడదన్న షరతు దగ్గర చెయ్యి ఆగింది. ఇప్పుడు విప్పడానికి ఎవరున్నారని?

తిరిగొస్తూ మూసిన షెడ్డు ముందు నాకు తెలియకుండానే బ్రేకు తొక్కాను. ఆయన బిగించిన బ్రేకు, ఎప్పటి చోటే ఆపింది. ఎదురుగా ఎవరూ లేరు. నూనె డబ్బా గోడ పక్కన బోర్లించి ఉంది. వెనక ట్రాక్టర్ హారన్ కొడుతున్నా, చక్రానికి ముందు ఆ జానెడు చోటు వదిలి అక్కడే ఉండిపోయాను.