అందీ అందనంత దూరంలో కాఫీ

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి సిస్టరమ్మ అంటారు. కోపం వస్తే మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. ఆస్పత్రిలో నర్సుగా చేరిన నాటి నుంచి ఆవిడ పద్ధతి ఒకటే: ఏ పనైనా తనవల్ల అవుతుందని ముందు నమ్మెయ్యడం, ఎలాగన్నది తర్వాత చూసుకోవడం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. చిత్రమేమిటంటే, చాలాసార్లు ఆ కుందేలుకు నిజంగానే మూడు కాళ్ళుండేవి.

వార్డులో ఆవిడ పేరు మారుమోగింది ఒక్క విద్యవల్ల. మంచం దిగనని మొండికేసిన రోగిని ఆవిడ బతిమాలదు, గదమాయించదు. మంచినీళ్ళ గ్లాసును చేతికి అందీ అందనంత దూరంలో పెట్టి, కిటికీ తుడుస్తున్నట్టు అటు తిరిగి నిలబడుతుంది. దాహం వేసినవాడు చెయ్యి చాస్తాడు, నడుం వంచుతాడు, చివరికి కాలు కింద పెడతాడు. "అరెరె, మీరే లేచారే!" అని అప్పుడు తీరిగ్గా ఆశ్చర్యపోతుంది.

ఆ విద్య ఇంట్లో మాత్రం పారలేదు. ఆవిడ మొగుడు హోటల్లో కాఫీ మిషన్ దగ్గర జీవితమంతా నిలబడి పనిచేసినవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మందులకు కాలూ చెయ్యీ స్వాధీనంలోకి వచ్చాయి, ఇక నడవమన్నాడు డాక్టరు. ఆయనకు మాత్రం పడిపోతానన్న భయం పోలేదు. ఆవిడ భుజం దొరికితే తప్ప కుర్చీలోంచి లేవడు. గ్లాసు దూరంగా పెడితే దాహమే లేదంటాడు. పెళ్ళాం చిట్కాలన్నీ తెలిసిన రోగిని మించిన గడ్డు రోగి ఇంకొకడుండడు. ఇలాగే కూర్చుంటే వచ్చిన బలం కూడా పోతుందని ఆవిడకు తెలుసు. ఎవరికీ జంకని మనిషికి ఆ ఒక్క సంగతి తలుచుకుంటే మాత్రం గుండె జారిపోయేది.

ఇళ్ళ సామాను మోసే వ్యాన్ నడిపే తమ్ముడు ఒకరోజు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇల్లు మారేవాళ్ళు ఎస్ప్రెస్సో కాఫీ మిషన్ ఒకటి వదిలేసి పోయారే. ఇంట్లో వాడుకునేదే గానీ బియ్యం బస్తా కన్నా బరువుంది. పాత ఇనుముకి వేసేయమన్నారు."

"వేశావంటే నిన్ను వేస్తాను పాత ఇనుముకి. తీసుకురా!"

తెచ్చి భోజనాల బల్ల మీద దింపేసరికే తమ్ముడు రొప్పుతున్నాడు. వంటింటి గట్టు మీదికి చేర్చడానికి ఇంకో మనిషిని పిలుస్తానన్నాడు. "నూరు కిలోల మనుషుల్ని మంచాలు మార్చాను, నాకిదో లెక్కా?" అని ఆవిడ దుప్పటి తెచ్చింది. దాన్ని మిషన్ కిందికి దూర్చి, బల్లను గట్టుకు ఆనించి, స్ట్రెచర్ మీంచి మంచం మీదికి రోగిని జరిపినట్టే చెరో అంచూ పట్టి లాగారు. మిషన్ హుందాగా జరిగి గట్టెక్కింది. అంతవరకూ భేష్. కానీ దుప్పటి దాని కిందే ఉండిపోయింది. రోగి కింద దుప్పటి తీయాలంటే రోగిని ఒక పక్కకు ఒత్తిగిలిస్తారు. సిస్టరమ్మ మిషన్నీ అలాగే ఒత్తిగిలించింది. లోపల మిగిలిన నీళ్ళన్నీ బుడబుడమంటూ తమ్ముడి కాళ్ళ మీద పడ్డాయి.

"పక్కకి వంచకండర్రా!" ముందు గదిలోంచి కేక వచ్చింది. "బాయిలర్లో నీళ్ళుంటాయి, కింద వైర్లుంటాయి! మొత్తం ఆరేదాకా ప్లగ్ ముట్టుకోవద్దు!"

అక్కాతమ్ముళ్ళు ముఖాలు చూసుకున్నారు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చునే మనిషి నోట అన్ని మాటలు ఒక్కసారిగా వచ్చి ఎన్నాళ్ళయిందో. సిస్టరమ్మకు కావలసిన గ్లాసు దొరికింది.

మిషన్ బాగా ఆరాక, ఒక సెలవు రోజు పొద్దున్నే, వెలుతురు వస్తుందని చెప్పి ఆయన కుర్చీని వంటింటి గుమ్మానికి ఎదురుగా వేసి కూర్చోబెట్టింది. ఇక తప్పులు మొదలుపెట్టింది. ట్యాంకు నింపకుండా స్విచ్ వేయబోయింది. "నీళ్ళు!" అన్నాడాయన. స్విచ్ వేసిందో లేదో కప్పు పెట్టింది. "ముందు వేడెక్కనీ!" పొడిని వంకరగా అదిమింది. "చదునుగా ఉండాలి, చదునుగా!" తప్పు తప్పుకూ ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. కుర్చీకి ఆనించిన చేతికర్ర మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. లేవలేదు.

దాంతో ఆవిడకు పంతం వచ్చింది. నాటకం పక్కన పెట్టి, నిజంగానే ఒక కప్పు తీసి ఆయన ముక్కు కింద పెడదామనుకుంది. ఎంత మెత్తగా ఉంటే అంత చిక్కన అనుకుని గింజల్ని పిండిలా ఆడించింది. బలంకొద్దీ అదిమి, పొడి ఉన్న హ్యాండిల్‌ను మిషన్‌కు బిగించి మీట నొక్కింది. పంపు మూలిగింది గానీ చుక్క రాలలేదు. సెలైన్ గొట్టంలో చుక్క ఆగిపోతే ఆవిడ దగ్గరకి వంగి సూది చూసే అలవాటు. ఇప్పుడూ అలాగే వంగి, మిషన్ ఆపకుండానే హ్యాండిల్ పట్టుకుని ఊడదీయబోయింది.

వెనక కుర్చీ కిర్రుమంది. గబగబా అడుగులు. ఒక చెయ్యి వచ్చి ఆవిడ చేతుల మీద పడి హ్యాండిల్‌ను ఉన్నచోటే పట్టేసింది. ఇంకో చెయ్యి స్విచ్ ఆపింది.

"సిస్టరమ్మా! మతిపోయిందా నీకు? లోపల ఒత్తిడి ఉంది. తిప్పి ఉంటే మరిగే నీళ్ళతో పొడంతా మొహాన చిమ్మేది!"

ఆవిడ కిందికి చూసింది. తన చేతుల్ని పట్టుకున్నది ఆయన కుడిచెయ్యి.

"పొద్దున్నుంచీ నువ్వు చేసినవన్నీ నాటకాలే. నీ గ్లాసు సంగతి నాకు తెలీదా?" అన్నాడాయన రొప్పుతూ. "ఇది మాత్రం నాటకం కాదు కదూ?"

"కాదండీ."

కర్ర కుర్చీకి ఆనించి ఉన్నచోటే ఉంది. అరెరె మీరే లేచారే అని ఎందరితోనో అన్న నోటికి ఆ పూట ఆ మాట రాలేదు. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆయనకూ తానెక్కడ నిలబడి ఉన్నాడో అప్పుడే తెలిసినట్టుంది, గట్టు అంచు గట్టిగా పట్టుకుని కుర్చీ వైపు చూశాడు. ఆవిడ భుజం అందించబోయి, ఆగిపోయింది. అలా ఆగడం ఎంత కష్టమో ఆవిడకే తెలియాలి.

ఆయన నెమ్మదిగా మిషన్ వైపు తిరిగాడు.

"జరుగు. ముందు ఒత్తిడి తగ్గనీ. తర్వాత గింజలు మళ్ళీ ఆడిద్దాం, ఈసారి కాస్త బరకగా. కప్పులెక్కడ పెట్టావు?"

"పై అరలో ఉన్నాయండీ," అని ఆవిడ అటు తిరిగి, కిటికీ తుడవడం మొదలుపెట్టింది.