నీళ్ల బిందెల నడుమ వైఫై డబ్బా

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను వైఫై డబ్బాకు మందు వేస్తే మా ఆయన వీపు ఊడింది. డబ్బాకూ వీపుకూ ఏం సంబంధం అంటారా? చెబుతాను, తొందరపడకండి. మూడో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, జరిగినదాంట్లో ఒక్క ముక్క మరచిపోను.

నాలుగేళ్ల కిందటి మాట. పెళ్లయిన ఎనిమిదేళ్లకు నా తమ్ముడు ఈరేశుకు ఆడపిల్ల పుట్టింది. అమ్మ పోయాక వాణ్ని చంకన వేసుకుని పెంచింది నేనే. మా వైపు బిడ్డను తొట్టెలో వేసేనాడు పేరు పెట్టేది మేనత్త. చెవిలో "కుర్ర్" అని, అప్పటిదాకా ఎవరికీ చెప్పని పేరు చెప్పాలి. వెంటనే చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు మీద పిడికిళ్లతో దబదబా గుద్దుతారు. ఎన్ని గుద్దులు పడితే అంత గౌరవం. ఆ గుద్దుల కోసం నా వీపు ఎనిమిదేళ్లు కాచుకుని ఉంది.

తీరా వారం ముందు మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి దిగుతూ మెట్టు తప్పాను. మోకాలి దాకా సిమెంటు కట్టు. తొట్టె చూస్తే మాన్విలో, మరదలి పుట్టింట్లో. నేను చూస్తే ఇక్కడ మంచంలో.

"ఏడ్వకు నర్సీ," అన్నాడు మా ఆయన. "నేను పోతా. ఫోను బిడ్డ చెవికాడ పెడ్తా. నువ్వు ఈడ్నుంచే చెప్పు."

మా ఊళ్లో టవరు అందాలంటే మిద్దె ఎక్కాలి. ఆ కాలితో నేను ఎక్కలేను. ఇంట్లో ఉన్న వైఫైయే దిక్కు. అందుకే దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాను. ముందురోజు మా ఆయన మాన్వికి పోయాక డబ్బా మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది.

"అత్తమ్మా, దీనికి జరమొచ్చింది."

మా అత్తమ్మ కూడా తాకి చూసింది. "అయ్యో, రేపు ఇంత పని పెట్టుకొని. చల్లకాడ పెడ్దాం పా."

వంటింట్లో నీళ్లమూలను మించిన చల్లని చోటు రాయచూరు ఎండల్లో ఇంకెక్కడుంటుంది? వైరు అక్కడిదాకా వచ్చింది. ముందు రెండు, వెనక రెండు, నిండు ఇత్తడి బిందెలు. నడుమ డబ్బాను పెళ్లికూతురిలా కూర్చోబెట్టాం.

తెల్లవారి మాన్వి నుంచి వీడియో కాల్ వచ్చింది. మా ఆయన ఫోను బిడ్డ చెవి దగ్గర పట్టాడు. "కుర్ర్" అన్నానో లేదో, లైను తెగింది. మళ్లీ కలిసేసరికి ఆయన మూలుగుతున్నాడు.

"ఏమాయె?"

"ఏమైతది? నువ్వు కుర్రనంగనే అందరు గూడి నన్ను గుద్దిండ్రు. నీ జాగల నేనున్న గద."

"పేరు ఇనబడ్డదా?"

"పేరు రాలే. గుద్దులొచ్చినయ్."

అత్తమ్మ తన బటన్ల ఫోను పట్టుకుని మిద్దె ఎక్కి, వైఫై పెట్టిన కేబులాయనకు ఫోను కలిపింది. ఆయన చెప్పింది పైనుంచి కేకేస్తే కింద నేను చేయడం.

"నర్సీ, ఫోన్ల వైఫై బంద్ చేసి మల్ల చాలు చెయ్యమంటుండు."

చేశాను. కలిసింది. "కుర్ర్..." తెగింది. మాన్విలో దబదబ.

"ఫోనే బంద్ చేసి చాలు చెయ్యమంటుండు."

చేశాను. "కుర్ర్..." మళ్లీ దబదబ. మాన్వి ఆడవాళ్లకు కుర్రు వినపడితే చాలు, పేరుతో పనిలేదు.

ఈసారి కలిసేసరికి మా పెద్దనాన్న కూతురు పద్మ తొట్టె మీదికి వంగి ఉంది. "మూర్తం పోతుంది. నేను చెప్త తియ్యి. నేను గూడ మేనత్తనే గద."

అప్పుడు తమ్ముడి గొంతు వినబడింది. "ఆగు పద్మా. నన్ను పెంచింది అక్క. అక్క చెప్పేదాంక నా బిడ్డకు పేరు లేదు."

అంతలో బొమ్మ ఆగిపోయింది. వాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"నర్సీ," పైనుంచి అత్తమ్మ, "డబ్బా యాడ పెట్టిండ్రని అడుగుతుండు."

"చల్లగనే ఉందని చెప్పు అత్తమ్మా," అన్నాను గర్వంగా. "నీళ్ల బిందెల నడుమ."

అత్తమ్మ ఆ మాట ఫోన్లో చెప్పింది.

"ఏమంటుండు?"

"నవ్వుతుండు."

"ఇంకా?"

"ఇంకా నవ్వుతనే ఉండు. ఆగు... ఇత్తడి అడ్డమే, నీళ్లు అడ్డమేనంట. మనమే వైఫైకి నాలుగు దిక్కుల గోడ కట్టినమంట."

అత్తమ్మ ఆ వయసులో రెండేసి మెట్లు దిగి, డబ్బాను ఊడబెరుక్కొచ్చి నా మంచం పక్క ముక్కాలిపీట మీద పెట్టి మళ్లీ ప్లగ్గు గుచ్చింది. ఫోన్లో గీతలన్నీ నిండాయి. చిక్కుడుగింజంత చెవి కళ్ల ముందు కనబడింది. "కుర్ర్" అని, ఎనిమిదేళ్లు దాచిన పేరు చెప్పాను. మల్లిక.

బొమ్మలో తమ్ముడు కదల్లేదు. మళ్లీ తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. వాడు బిడ్డ మీదికి వంగి, "మల్లికా" అని పిలిచాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి బోర్లా పడుకున్నాడు. కుంటుకుంటూ పోయి వీపుకు నువ్వులనూనె రాశాను.

"పేరెట్లుంది?" అన్నాను మెల్లగా.

"పేరు బంగారం," అన్నాడు దిండులోకి. "కానీ పేరు ఒక్క బిడ్డది, గుద్దులు నలుగురు బిడ్డలవి."

ఆ కమిలిన వీపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: వైఫై డబ్బాకు జ్వరం కాదు, సన్నిపాతమే వచ్చినా సరే, ఈ జన్మలో దానికి నేను వైద్యం చేయను.