బంగారం అనకూడదు

డ్రీమా లస్క్ అందరినీ బంగారం అనే పిలిచేది. మొగుణ్ణి, పోస్టుమాన్‌ని, కారు ఆపి జరిమానా రాసిన పోలీసుని కూడా. ఒకసారి చెత్తడబ్బాలో తల దూర్చిన ఎలుగుబంటిని "ఇంక చాలు, ఇంటికెళ్ళు బంగారం" అని మందలిస్తే, అది సిగ్గుపడి డబ్బాకి మూత పెట్టి మరీ వెళ్ళిందని ఆ లోయలో చెప్పుకుంటారు. మూత సంగతి మాత్రం కొందరు ఒప్పుకోరు.

బొగ్గు గని మూతపడ్డాక వెస్ట్ వర్జీనియాలోని ఆ లోయలో మిగిలిన పని ఒక్కటే: వృద్ధాశ్రమంలో నర్సుకు సహాయకురాలిగా చేరడం. డ్రీమా మొగుడు వర్లిన్ ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం లేకుండా గుమ్మం దాటలేడు. ఆ ఉద్యోగం వస్తే అతని వైద్యానికి బీమా కూడా వస్తుంది. కానీ సర్టిఫికెట్ పరీక్ష నెగ్గాలి. మొదటిసారి చేతులు కడుగుతూ, తగలకూడని తొట్టి అంచుకి వేలు తగిలించింది. పోయింది.

శిక్షణ ఇచ్చే నర్సు ప్రూయిట్ అప్పుడే ఇంకో లోపం కూడా పట్టుకుంది. "రోగికి పేరుంటుందమ్మా. తాత వయసు మనిషిని బంగారం అంటే మర్యాదా? దానికీ మార్కు కోస్తారు."

ఆ రోజు నుంచి డ్రీమా నోరు కట్టేసుకుని బతికింది. ఇంట్లో మొగుడి మీద కూడా అభ్యాసమే.

"మిస్టర్ లస్క్ ఏంటే? నా మీద కేసేమైనా వేస్తున్నావా?" అన్నాడు వర్లిన్. పిలవడానికి తనకిచ్చిన ఆవుగంట ఈమధ్య దిండు పక్కకి రావడం లేదనీ, కిటికీలోనే ఉండిపోతోందనీ సణిగాడు. ఆవిడ పట్టించుకోలేదు.

రెండో పరీక్షలో పనంతా చక్కగా చేసి, పిలుపు గంట రోగి చేతికి అందించడం మరిచిపోయింది. మళ్ళీ పోయింది. మిగిలింది ఇంకొక్క అవకాశం. అదీ పోతే ఆశ్రమం ఆ చోటు మరొకరికి ఇచ్చేస్తుంది.

మూడోసారి రోగిగా మంచమెక్కింది తోటి అభ్యర్థి, కేలిన్ అనే కుర్రపిల్ల. డ్రీమా చేతులు కడిగింది, తెర లాగింది, పిల్లని పక్కకి తిప్పి దిండు సర్దింది, మంచం కిందికి దించింది. నోట ఒక్క బంగారమూ రాలేదు. ఏదో మిగిలింది. ఏమిటో తోచలేదు. పరీక్షకురాలు కలం ఎత్తింది. "అయిపోయిందా?"

అయిపోయిందంటే ఇక దిద్దుకోవడానికి లేదు. డ్రీమాకి వర్లిన్ ముక్కు గొట్టం కళ్ళముందు ఆడింది. ఇక తన వల్ల కాదనుకుంది. మార్కూ పోనీ, మర్యాదా పోనీ అని, ఆ పిల్ల తల నిమిరి ఇదివరకు రోజూ ఇంట్లో వర్లిన్‌తో అనే మాటే అనేసింది: "నేను వెళ్తున్నా, ఏం కావాలన్నా మోగించు బంగారం."

మాట పూర్తయ్యేలోపు చెయ్యి దానంతటదే మంచం కమ్మీ మీద వేలాడుతున్న గంట బటన్ తీసి కేలిన్ గుప్పిట్లో పెట్టింది. ఏళ్ళ తరబడి ఆ మాటా ఆ గంటా కలిసే నడిచాయి మరి. ఒకదాన్ని నోట్లో నొక్కేస్తే రెండోది ఎలా వస్తుంది?

"అయిపోయింది," అంది డ్రీమా.

పరీక్షకురాలు చాలాసేపు రాసింది. "బంగారానికి మార్కు కోశాను. గంటకి కొయ్యలేదు. నెగ్గావు."

డ్రీమా మంచం పట్టుకుని నేల మీద కూలబడి, లేవలేక వెక్కివెక్కి ఏడ్చింది. రోగి వేషంలో ఉన్న కేలిన్ ఏం చెయ్యాలో తెలియక, గుప్పిట్లో ఉన్న గంట నొక్కింది.