నిమ్మగజ్జి పేరు ఖాయమయ్యేదాకా

ఆ రోజుల్లో మా ప్రాంతంలో పేరు మారనిదంటూ ఏదీ మిగల్లేదు. పోలీసు చర్య ముగిసి నిజాం జెండా దిగిపోయాక, నిన్నటిదాకా తాలూక్దారు అనిపించుకున్న పెద్దమనిషి కలెక్టరయ్యాడు (కుర్చీ అదే, కసురుకునే తీరూ అదే). దొరలకు ఎదురుతిరిగి అజ్ఞాతంలో ఉన్న సంఘం వాళ్లకు ఊరికో పేరు. వాళ్లను వెతికే మిలిటరీ వాళ్లు ఆ పేర్లు నోరు తిరగక ఇంకెన్నో పేర్లు పుట్టించారు. ఇంత సందట్లో నేను కూడా ఒక పేరు మార్పును భుజాన వేసుకుని నల్లగొండ పల్లెల్లోకి దిగాను. అయితే నాది మనిషి పేరు కాదు, నిమ్మచెట్లకు గజ్జి తెగులు తెచ్చే సూక్ష్మజీవి పేరు.

కోస్గి దిక్కు నుంచి వచ్చి వ్యవసాయ శాఖలో కొత్తగా చేరినవాణ్ని. కంటికి కనబడని ఆ జీవిని మొదట సూడోమోనాస్ అన్నారనీ, తరువాత వేరే గుంపులో కలిపి ఫైటోమోనాస్ అన్నారనీ, అదీ కుదరక ఇప్పుడు జాంతోమోనాస్ అంటున్నారనీ శిక్షణలో చెప్పారు. మా పెద్దసారు మాత్రం మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు. తను నౌకరీలో చేరిన నాడు ఏ పేరుందో, దిగిపోయే నాటిదాకా అదే ఉంటుందని ఆయన పట్టు. నేనేమో ఆ కొత్త పేరును స్నానం చేస్తూ కూడా పలికి చూసుకునేవాణ్ని.

ఒకనాడు మేళ్లచెరువు దిక్కు ఊళ్లో తెగులు పట్టిన నిమ్మచెట్లను నరికి కాల్చి రమ్మని నన్ను పంపారు. అవి ఊరి బయట గుడిసెలో ఒంటరిగా ఉండే ఒక అవ్వవి. ఆ కాయలు అంగట్లో అమ్ముకుంటేనే ఆమె పొయ్యి వెలిగేది. ఆకుల మీది గరుకు పొక్కులు చూపించి, వదిలేస్తే ఊరి చెట్లన్నిటికీ అంటుకుంటుందని చెప్పాను. నిమ్మళంగా విన్నది. అక్కడితో నోరు మూసుకుంటే పని అయిపోయేదే. కానీ ఆమె, "గీ రోగానికి పేరేంది బిడ్డా?" అని అడిగింది. మా ఆఫీసులో కూడా నన్ను ఎవరూ అంత ప్రేమగా అడగలేదు! పొంగిపోయి మూడు పేర్లూ, ఏది ఎందుకు మారిందో, పుల్లతో మట్టిలో గీసి మరీ వివరించాను.

అవ్వ ఆ గీతల మీదికి వంగి చూసింది.

"అంటే గిది ఎవరో మీకే సక్కగ తెల్వదు. నా కొడుకు గూడ గట్లనే పేర్లు మార్చుకుంట తిరుగుతున్నడు బిడ్డా. మిలిట్రీ వోళ్లొచ్చి ఒక పేరడిగిండ్రు, గా పేరుటోడు మా ఇంట్ల లేడన్న. ఇంకో పేరడిగిండ్రు, లేడన్న. ఏ పేరూ కుదరక గుడిసెకు అగ్గి వెట్టిపోయిండ్రు. గిది మల్ల ఏసుకున్న గుడిసె. నువ్వు గూడ పేరు కుదరకముందే అగ్గిపెట్టె వట్టుకొచ్చినవ్."

అగ్గిపెట్టె నిజంగానే నా చేతిలో ఉంది. సిగ్గుపడి దాన్ని జేబులో పెట్టుకున్నాను. చివరికి అవ్వే దారి చూపింది.

"మీ సార్లందరు కూసొని ఒక్క పేరు ఖాయం చెయ్యుండ్రి. గప్పుడు రా, గొడ్డలి నేనే ఇస్త."

సరేనని మాటిచ్చాను. పుండ్లు పడ్డ కొమ్మలను మాత్రం ఇద్దరం కలిసి కోసేశాం, మిగతా చెట్టుకు మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు చల్లాను. ఆ కొమ్మలతోనే అవ్వ జొన్న గటక వండి నాకు పెట్టింది (కాల్చమన్న సర్కారు హుకుం ఆ మేరకు నెరవేరినట్టే). పేరు విషయం తేలేవరకు పని నిలిపామని పెద్దసారుకు రాసిచ్చాను. కొత్త పేరు మీద నాకూ అనుమానం వచ్చిందని ఆయన మురిసిపోయి సంతకం పెట్టాడు.

తరువాత నేనూ పెద్దసారునయ్యాను, రిటైరయ్యాను. జాంతోమోనాస్ నిలిచినా, ఆ జీవి తోక పేరు క్యాంపెస్ట్రిస్ అయింది, ఆక్సోనోపోడిస్ అయింది, మళ్లీ మొదట్లో ఉన్న సిట్రై దగ్గరికే వచ్చింది. కొత్త పేరు వచ్చినప్పుడల్లా తోటివాళ్లు తల పట్టుకుంటే నేను లోలోపల సంతోషించేవాణ్ని. అవ్వ కొడుకు ఇల్లు చేరాడో లేదో కనుక్కునే ధైర్యం మాత్రం నాకు ఏనాడూ రాలేదు. ఈ వయసులోనూ ఎవరైనా ఆ తెగులు ఊసెత్తితే, ఇప్పుడు దాన్ని ఏమంటున్నారని మొదట అడుగుతాను. మళ్లీ మార్చబోతున్నారట అని చెబితే, ఇంకొన్నాళ్లు అవ్వ చెట్ల జోలికి వెళ్లనక్కర్లేదని నాలో నేనే నవ్వుకుంటాను.