రెడ్డెప్ప మోకాలు

మా మేనత్త పోయిందన్న సంగతి నాకు నాన్న ఫోన్ చేసి చెప్పకముందే తెలిసింది. మదనపల్లెలో ఆమె వెళ్తూ వచ్చిన స్త్రీల ప్రార్థన కూడిక వాళ్లు తెల్లారి ఏడింటికల్లా గ్రూపులో పెట్టేశారు. "మన ప్రియ సహోదరి, గొప్ప ప్రార్థనాపరురాలు, రోగులను పేరుపేరునా దేవుని ముందుంచిన నమ్మకమైన దాసి, ప్రభువునందు నిద్రించారు." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనప్పుడు పుంగనూరులో నా జిరాక్స్ షాపు షట్టరు ఎత్తుతున్నాను. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. ఇన్ని రోజులైనా అది తగ్గలేదు. ఆ సందేశంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మాటలు అనే హక్కు మాత్రం ఆ మనుషులకు లేదు.

అత్త ముప్పై ఏళ్లకు పైగా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "టైం కుదర్ల్యా" అనేది, ఏదో బస్సు తప్పిపోయినంత తేలిగ్గా. పొట్టి మనిషి, గట్టి గొంతు. శుక్రవారం కూడికలో రోగుల పేర్లు చదివే పని ఆమెది. దానికి ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. కొత్త పుస్తకం కొన్న రోజే స్కేలు పెట్టుకుని కూర్చుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా గళ్లు గీసి, ప్రతి పేజీ పైనా ఇవే మాటలు రాసేసేది. పేరు, ఎక్కడ, ఏమైంది, తర్వాత ఏమైంది. మొదటి మూడు గళ్లు ఎవరైనా రాస్తారు. నాలుగోది ఆమె సొంతం.

"పేరు సదివి ఆమెన్ అనేస్తే అయిపోతాదా? మళ్లా పోయి అడగల్లప్పా, ఎట్లుండాదని," అనేది. ఆ ఒక్క గడి నింపడానికి బస్సెక్కి కలికిరి దాకా వెళ్లి రావడం నేను చూశాను. ఆ మనిషి కోలుకుని పొలానికి పోయాడని తెలిస్తే "మడికి పోయినాడు" అని రాసుకుని, వాళ్లిచ్చిన వేరుశనక్కాయలు సంచిలో వేసుకుని వచ్చేది.

రిటైరయ్యాక ఆమె పరిస్థితి చూడలేకపోయాం. తోమిన గిన్నెలే తోమేది. పక్కింటి వాళ్లకు అడగకుండానే బీపీ చూసేది. అప్పుడు నేను నా పాత కంప్యూటర్ తీసుకెళ్లి ఆమె ఇంటి ముందు గదిలో పెట్టి, అందులో ఉన్న క్రికెట్ ఆట నేర్పించాను. కెరీర్ మోడ్ అని ఉంటుంది అందులో. సొంత జట్టు పెట్టుకుని, కుర్రాళ్లను తయారుచేసుకుంటూ, సీజన్ తర్వాత సీజన్ నడుపుకుంటూ పోవాలి. నేను మూడో సీజన్ కల్లా పెద్ద ఆటగాళ్లందరినీ నా జట్టులోకి లాగేసి, ప్రతి కప్పూ గెలిచి, విసుగు పుట్టి వదిలేసినవాణ్ణి. నా స్నేహితులందరిదీ అదే కథ. అత్త వారం రోజులు ఆడుతుందేమో అనుకున్నాను.

ఆమె పంతొమ్మిది సీజన్లు ఆడింది.

జట్టుకి కుప్పం అని పేరు పెట్టింది. ఆమె మొదట ఉద్యోగం చేసింది అక్కడ, ఒక చిన్న క్లినిక్‌లో. "మేడ మింద దుప్పట్లు ఆరేస్తా ఉంటే కింద గ్రానైటు రాళ్లు కోసేకాడ పిల్లోళ్లు ఆడతా ఉండిరి. బెంగుళూరు రైలు కూత పెడ్తే ఆట నిలిపి సూసేటోళ్లు, మళ్లా ఆడేటోళ్లు. వాళ్లని ఎవురన్నా టీం అన్నారా? నేనంటా," అంది. పేర్లు కూడా ఆ ఊళ్లో వినిపించేవే పెట్టింది. మునెప్ప, చెంగప్ప, రెడ్డెప్ప.

ఉదయం పదకొండుకి రోజుకొక్కటే మ్యాచ్. ఓడిపోతే ఓడిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి ఆడటం లేదు. బయటి నుంచి పేరున్నవాడిని తేవడం లేదు. వరసగా మూడు గెలిస్తే ఆటను ఇంకా కష్టం చేసేది. నాకు అర్థం కాక, ఇలాగైతే ఎప్పటికి పైకొస్తావు అత్తా అని అడిగాను. "పైకొచ్చి ఏం సేస్తావప్పా? నువ్వు వచ్చినావు గదా మూడేండ్లకి. ఏం సేస్తివి? ఎత్తి పారేస్తివి," అంది. 

ఆ ఆటలో ముప్పై అయిదు దాటిన ఆటగాడు రిటైరై జాబితాలోంచి మాయమైపోతాడు. మనం వాడిని మరిచిపోతాం. అత్త మరిచేది కాదు. గోడకున్న క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు వాడి తర్వాతి బతుకు రాసేది. మునెప్పకు రైల్వేలో గ్యాంగ్‌మన్ పని వచ్చింది. చెంగప్ప టమాటా మండీలో గుమస్తాగా చేరాడు, ఒళ్లు వచ్చింది, చక్కెర జబ్బు, జాగ్రత్త. అవి చదివి నేను పడీపడీ నవ్వితే ఆమె కూడా నవ్వేది. కానీ కాగితం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసేది.

ఒకసారి ఆమె ఎవరినో చూడటానికి కురబలకోట వెళ్లినప్పుడు నేనొక తప్పు పని చేశాను. ముందు రోజు ఓడిపోయిన ఫైనల్‌ని వెనక్కి తిప్పి, నాలుగుసార్లు ఆడి, గెలిపించి పెట్టాను. కప్పు ఎత్తుకున్న బొమ్మ చూసి సంతోషిస్తుందనుకున్నాను. చూసింది. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుని, ఆ సీజన్ మొత్తం చెరిపేసి, మొదట్లో సేవ్ చేసి దాచుకున్న దగ్గర నుంచి తొంభై మ్యాచ్‌లు మళ్లీ ఆడింది. మూడు నెలలు పట్టింది. ఈసారి జట్టు ఆరో స్థానంలో ఆగింది. "ఇది మాది," అంది. నాతో అప్పటిదాకా ముక్తసరిగానే మాట్లాడింది.

ఇక రెడ్డెప్ప సంగతి. పన్నెండో సీజన్‌లో అనుకుంటాను, ఆమె ఫాస్ట్ బౌలర్ రెడ్డెప్పకి మోకాలికి దెబ్బ తగిలింది. దెబ్బ తగిలిన పేరు కనిపిస్తే పుస్తకంలో రాయడం ముప్పై ఏళ్లుగా ఆ చేతికి అలవాటు. రాసేసింది. పేరు, రెడ్డెప్ప. ఎక్కడ, ఇంట్లోనే. ఏమైంది, మోకాలు. శుక్రవారం గడగడా చదివేసింది. పదిహేను మంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని రెడ్డెప్ప మోకాలి కోసం ప్రార్థించారు. అలా మూడు శుక్రవారాలు గడిచాయి. మూడోసారి కురబలకోట నుంచి వచ్చే ఒక ముసలామె గుడ్లు మూట కట్టుకుని వచ్చి అడిగింది.

"ఆ పిల్లోడు యాడుంటాడమ్మా? ఇవి ఇచ్చి సూసొస్తాను."

ఇంకొకరైతే ఏదో ఒక ఊరి పేరు చెప్పి తప్పించుకునేవాళ్లు. గుడ్లు తీసుకుని నేనే ఇస్తాలే అనేవాళ్లు. అత్తకి ఆ ఆలోచనే రాలేదు. "వాడు కంప్యూటర్లో ఉండాడమ్మా. మా టీం బౌలరు. అలవాట్లో రాసేస్తిని, తప్పే," అంది.

ముసలామె నవ్విందట. మిగతా వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కూడిక అధ్యక్షురాలు మొహం మాడ్చుకుని, దేవుణ్ణి ఆటబొమ్మ చేశావంది. ఈ వయసులో వీడియో గేమ్ ఏమిటంది. తర్వాతి శుక్రవారం అందరి ముందు ఆ నోటుబుక్కు ఇచ్చెయ్యమంది. కొద్దిరోజులు మీరు వెనక కూర్చోండి అంది. ముప్పై ఏళ్లలో అలాంటి పుస్తకాల్లోకి ఎక్కిన వందల పేర్లు నిజం. వాటి కోసం ఎక్కిన బస్సులు నిజం. ఒక్క పేరు తప్పుగా ఎక్కినందుకు ఆమెను వెనక బెంచీకి పంపారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ సాయంత్రం నేను అత్త ఇంట్లో అరిచాను. ఏల ఇచ్చినావు, నీ పుస్తకం, నీ గీతలు, ఇవ్వనని చెప్పాల్సింది గదా అని. అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు.

"పుస్తకం నాదేందప్పా, పేర్లు గదా ముఖ్యం. ఎవురో ఒకరు రాస్తా ఉంటే సాలు. అది నిలిసిపోగూడదు, అంతే."

ఆమెకు కావలసింది అదొక్కటే. క్షమాపణ అడగలేదు. ముందు బెంచీ అడగలేదు. ఆ వరస తెగకుండా నడవాలి, అంతే. ఆ తర్వాత ఏ శుక్రవారమూ మానకుండా వెళ్లి వెనక కూర్చుంది. "రాస్తాండారా?" అని అడిగితే "ఆఁ, రాస్తాండారమ్మా," అని చెప్పేవారట. ఆమె నమ్మింది. నాకు అత్త మీద కూడా కోపం ఇక్కడే. అంత తొందరగా నమ్మకూడదు మనుషుల్ని.

మోకాలు బాగై, రెడ్డెప్ప ఇంకో నాలుగు సీజన్లు ఆడి రిటైరయ్యాడు. కుప్పంలో పిల్లలకు బౌలింగ్ నేర్పుతున్నాడని క్యాలెండర్ కాగితం మీద రాసింది.

పోయినేడు కడుపులో గడ్డ బయటపడింది. నాలుగు నెలలు మంచం మీదే ఉంది. కంప్యూటర్‌ని మంచం పక్కకు జరిపితే, దిండుకు ఆనుకుని పంతొమ్మిదో సీజన్ పూర్తి చేసింది. ఒక్కో ఓవరుకి అలసిపోయేది. నేను ఆడిపెడతానంటే ఒప్పుకోలేదు, పాత కప్పు సంగతి గుర్తుపెట్టుకుని. ఆ నాలుగు నెలల్లో కూడిక నుంచి చూడటానికి వచ్చింది ఒక్క కురబలకోట ముసలామె. గుడ్లు తెచ్చింది. స్టూలు మీద కూర్చుని, "ఆ మోకాలి పిల్లోడు ఎట్లుండాడమ్మా?" అని అడిగింది. అత్త మొహం వెలిగిపోయింది. అరగంట చెప్పింది వాడి గురించి. అధ్యక్షురాలి ఇల్లు అత్త ఇంటికి రెండు వీధుల అవతల. ఆమె రాలేదు.

జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి అత్త జీవితం రాయమని నన్నే అడిగారు. రెండు పేజీలు రాశాను. ఆట గురించి, పంతొమ్మిది సీజన్ల గురించి ఒక పేరా రాశాను. అధ్యక్షురాలు కాగితం తీసుకుని, పెన్నుతో ఆ పేరా అడ్డంగా కొట్టేసింది. "ఇది వద్దు నాయనా. మీ అత్త విశ్వాసిగా బతికిన సాక్ష్యం చెడిపోతాది," అంది. నాన్న నా చెయ్యి నొక్కాడు, గొడవ పెట్టుకోవద్దని.  కొట్టేసినట్టే చదివి వచ్చి కూర్చున్నాను. అందుకే ఆ పేరా ఇక్కడ, మీ ముందు, ఇంత పొడుగ్గా రాస్తున్నాను. ఆ రోజు నిలబడి చదవవలసింది. నా మీద నాకున్న కోపం ఆ అధ్యక్షురాలి మీదున్న కోపం కన్నా తక్కువేం కాదు.

ఒకే ఆటను అన్నేళ్లు విసుగు లేకుండా ఎలా ఆడిందని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు, ఏదో వింత చూసినట్టు. విసుగు ఆమెకూ పుట్టేది. ఏడో సీజన్‌లో ఒక వారం కంప్యూటర్ మీద గుడ్డ కప్పి పెట్టడం నాకు తెలుసు. మళ్లీ తీసింది. ఎందుకని అడిగితే, "కొత్తగా టీంలోకొచ్చిన ఆ సన్న పిల్లోడు ఏమయినాడో సూడల్ల గదా," అంది. ఆమెకు ఆసక్తి అంటే మనసుకు దానంతటదే పుట్టేది కాదు. లేచి వెళ్లి అడిగి రావడం. కలికిరికి బస్సెక్కడమూ, పదకొండింటికి ఆ కుర్చీలో కూర్చోవడమూ ఆమెకు ఒకే పని. దీన్ని సాక్ష్యం చెడిపోవడం అంటారా? నాకు తెలిసిన సాక్ష్యం ఇదే.

కంప్యూటర్ ఇప్పుడు నా షాపులో ఉంది. కుప్పం జట్టుది ఇరవయ్యో సీజన్. రోజుకొకటి ఆడుతున్నాను, ఎక్కువ ఓడిపోతున్నాను. మొన్న విసుగొచ్చి మూసేశాను కూడా. నిన్న మళ్లీ తెరిచాను.

ఆ రోజు జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, భోజనాలు అయ్యాక, అధ్యక్షురాలు ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ అత్త పుస్తకం నాయనా. గుర్తుగా మీ దగ్గరే పెట్టుకోండి," అంది, పెద్ద ఉపకారం చేసినట్టు. పుంగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తెరిచాను. అత్త చేతిరాత ఆగిపోయిన చోటు తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత ఇంకొకరి చేతిరాతలో ఒక శుక్రవారం పదకొండు పేర్లు. మరుసటి శుక్రవారం నాలుగు. మూడో శుక్రవారం లేదు. అక్కడితో సరి. చేతులు దులుపుకున్నారు. దాదాపు రెండేళ్లు వెనక బెంచీ నుంచి ఆమె అడుగుతుంటే, రాస్తాండారమ్మా అని చెప్పారు.

అత్త పేరు కోసం వెతికాను. నాలుగు నెలలు మంచాన పడిన మనిషి పేరు ఎక్కడో ఒకచోట ఉంటుందని, వేలితో గడి గడీ చూసుకుంటూ పోయాను. లేదు. జేబులో పెన్ను ఉంది, తీశాను, మళ్లీ పెట్టేసుకున్నాను. ఆ పేరు రాయవలసింది నేను కాదు. పేజీలు తిప్పుతూనే ఉన్నాను. ఆఖరి పేజీ దాకా ఆమె స్కేలు పెట్టి గీసిన గళ్లు, ప్రతి పేజీ పైనా ఆమె చేతిరాతతో అవే నాలుగు మాటలు, వాటి కింద తెల్లటి కాగితం.