సితార్ రాని మా అమ్మ

నా చిన్నప్పుడు, అమెరికాలోని అరోరాలో మా క్లాసు మొత్తానికి ఇండియన్ పిల్లని నేనొక్కదాన్నే. అప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడు అరవై దాటాయి, అయినా ఆ మ్యూజిక్ క్లాసు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా మ్యూజిక్ టీచర్ ఒకరోజు బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఒకదాని ఆల్బమ్ తెచ్చింది. పెద్దపిల్లలంతా ఆ రికార్డు కోసం ఎగబడుతున్న రోజులవి. అందులో ఒక పాటలో గిటార్ల మధ్య సితార్ మోగింది. అంతే, క్లాసంతా మెడలు తిప్పి నన్నే చూసింది. ఇది మీ సంగీతమేగా, మీ ఇంట్లో ఎవరు వాయిస్తారు అని టీచర్ నవ్వుతూ అడిగింది. ఎవరైనా వాయిస్తారా అని కాదు, ఎవరు వాయిస్తారు అని! ఆ గదిలో అందరూ నన్ను ఇష్టంగా చూడటం అదే మొదటిసారి. మా అమ్మ రోజూ పొద్దున్నే వాయిస్తుందని చెప్పేశాను.

మా అమ్మది గుంటూరు. ఇక్కడ హాస్పిటల్లో డాక్టరు. స్టెతస్కోప్ తప్ప ఇంకో వాయిద్యం ఎరగదు.

శుక్రవారం సితార్ తీసుకుని రమ్మంటూ టీచర్ అమ్మకు ఉత్తరం పంపింది. అమ్మ చదివింది, నా మొహం చూసింది, వస్తానని రాసి సంతకం పెట్టింది. నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టినా బాగుండేది. అబద్ధం బయటపడితే ఆ పిల్లల్లో మళ్ళీ తలెత్తుకోగలనా అని వారమంతా నాకు అన్నం సయించలేదు.

శుక్రవారం అందరూ పట్టుచీర కోసం చూస్తుంటే, అమ్మ డ్యూటీ నుంచి తెల్లకోటుతోనే వచ్చింది. ఆ పాట మళ్ళీ పెట్టించుకుని చివరిదాకా విన్నది. తర్వాత ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా, ఈ వాయిద్యాన్ని తాను ఎన్నడూ ముట్టుకోలేదని చెప్పింది. మరి ఆ గిటార్లు మీ ఇంట్లో ఎవరు వాయిస్తారని మిగతా పిల్లల్లో ఒక్కరినైనా అడిగారా అని టీచర్‌ని నిలదీసింది. టీచర్ మొహం కందగడ్డలా అయింది. నా గుండె పొంగిపోయింది.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగి, ఇక నువ్వు చెప్పు అంది. నేను లేచి నిలబడి, అందరి ముందూ అబద్ధమాడానని ఒప్పుకునేదాకా అమ్మ అక్కణ్ణించి కదల్లేదు.

కార్‌లో ఏడుస్తూ అరిచాను. "అమ్మా, నువ్వు నా సైడ్ కాదా?"

"ఆవిడ ప్రశ్న తప్పు, అందుకే ఆవిణ్ణి అడిగాను. నీ ఆన్సర్ కూడా తప్పే, అది నీ బదులు నేనెట్లా చెప్తాను? ఐ డోంట్ నో అనడానికి నోరు రాలేదా నీకు?" అని అంతకన్నా గట్టిగా అరిచింది.

అమ్మ మీద కోపం పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. టీచర్ మీది ఇంకా పోలేదు. తర్వాత ఎప్పుడో ఆ ఆల్బమ్ మొత్తం విన్నాను. సితార్ ఉన్నది ఆ ఒక్క పాటలోనే. నాకు నచ్చింది మాత్రం డ్రమ్స్ దద్దరిల్లే ఇంకో పాట. నీకేది నచ్చిందని ఆ క్లాసులో నన్నెవరూ అడగలేదు.

ఇప్పటికీ ఏ పార్టీకి వెళ్ళినా ఎవరో ఒకరు యోగా గురించో, కర్మ గురించో నన్నే చెప్పమంటారు. వాళ్ళకు నచ్చే మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, నాకు తెలియదంటాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. చిన్నబోనీ.