మృదుభాషి గారి వీడ్కోలు

నీళ్ళ సరఫరా ఆఫీసులో పెద్దసారు నోరు విప్పితే, మేడ మీద మీటర్ల గదిలో ఉన్నవాళ్ళకు కూడా అక్షింతలు ఎవరికి పడుతున్నాయో తెలిసిపోయేది. ఫిట్టరు ఆయనకు రంపం అని పేరు పెట్టాడు. కాషియరు మొదట ఒప్పుకోలేదు. రంపం కనీసం పని జరుగుతున్నప్పుడే చప్పుడు చేస్తుందని ఆయన అభ్యంతరం. అయినా ఆ పేరే నిలిచింది.

సారు గది తలుపు పక్కనే టైపిస్టు బల్ల. పన్నెండేళ్ళుగా ఆ గొంతుకు అందరికంటే దగ్గరగా కూర్చున్నది ఆవిడే కాబట్టి, దానికి ఒక్క పేరు చాలదని ఆవిడకు తెలుసు. పొద్దున వస్తూనే వినిపించేది గద్దింపు. అందులో ఇంకా తిట్టు ఉండదు, తిట్టబోతున్నానన్న కబురు మాత్రం ఉంటుంది. పదకొండింటికి కసురు మొదలయ్యేది. కుళాయిలో నీళ్ళు రావడం లేదని చెప్పుకోవడానికి వచ్చిన ముసలాయన "బాబూ" అనేలోపే "ఏంటి?" అని మీద పడేది. భోజనమయ్యాక కాస్త బద్ధకంగా పుల్లవిరుపు మాటలు: అడిగినదానికి సగం జవాబు, అదీ మొహం చూడకుండా. సాయంత్రానికి ఈసడింపు. దానికి మాటలు కూడా దండగ, ముక్కులోంచి ఒక "హుఁ" చాలు. ఇవి కాక బొంగురు, గరగర, పెళుసు, పెడసరం అన్నీ వేళాపాళా లేకుండా ఉండేవి. ఇంత సంపద ఒక్క మనిషి దగ్గర పోగుపడటం అరుదు.

ఎవరైనా నొచ్చుకుంటే, "నా గొంతే అంత, దేవుడిచ్చింది" అనేవాడు. దేవుడిచ్చిన ఆ గొంతు హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు ఎక్కడికి పోయేదో మరి. "అలాగేనండీ, తమరు ఎలా అంటే అలాగేనండీ" అంటూ కుర్చీలోంచి సగం లేచి, వెన్నలా కరిగిపోయేవాడు. ఫోను పెట్టేసిన మరుక్షణం "ఎవడ్రా అక్కడ" అని మళ్ళీ గరగర. ఎవరి మీద అరిస్తే తనకేమీ కాదో ఆ గొంతుకు బాగా తెలుసు. అరుపునైతే టైపిస్టు ఓర్చుకోగలిగేది. ఆ తెలివిని చూస్తేనే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదని కాషియరుకు తెలుసు. ఆయనా సారూ ఒకే ఏడు గుమాస్తాలుగా చేరారు.

"అప్పట్లో వాడి నోట్లో నాలుకే లేదమ్మాయ్" అని టైపిస్టుకు చెప్పాడొకసారి. "జీతం చీటీ అడగాలన్నా నా వెనక నక్కి నిలబడేవాడు. మొదటి ప్రమోషన్‌కి గొంతు సవరించుకోవడం నేర్చుకున్నాడు. రెండోదానికి కసరడం. ఈ కుర్చీలోకొచ్చాక ఇదిగో, వింటున్నావుగా."

ఇన్ని మాటలు తన చుట్టూ తిరుగుతుంటే, సారు మాత్రం తన కోసం ఒకే ఒక్క మాట ఏరుకున్నాడు. "నేను ముక్కుసూటి మనిషిని." ఫిట్టరు తండ్రి పోయినప్పుడు సెలవు చీటీ చేతిలోకి తీసుకుని, "పోయినాయన ఎలాగూ పోయాడు, మధ్యలో పంపు ఆగిపోతే ఎవడు చూస్తాడు?" అన్నాడు. ఫిట్టరు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే, "నేను మొహం మీదే చెప్పేస్తానయ్యా, కడుపులో ఏమీ దాచుకోను" అని ఓదార్పులాంటిది కూడా ఒకటి పడేశాడు. కడుపులో ఏమీ ఉండదన్న మాట నిజమే. ఉన్నదంతా ఎదుటివాళ్ళ మొహం మీదే ఉండేది.

టైపిస్టుకు ఆయనతో ఉన్న పేచీ ఒక్క వాక్యం గురించి. ఆ ఆఫీసులో ప్రతి ఏడూ పై అధికారి కిందివాళ్ళ గురించి గుట్టుగా నాలుగు వాక్యాలు రాసి ఫైల్లో పెడతాడు. ప్రమోషన్ ఇవ్వాలన్నా ఆపాలన్నా ఆ నాలుగు వాక్యాలే. ఆవిడ చేరిన తొలి ఏడాది చివర్లో, ఒక ఉత్తరంలో తేదీ తప్పు పడిందని సారు కాగితం ఆవిడ బల్ల మీదికి విసిరి పావుగంట సేపు దులిపేశాడు. అంతా అయ్యాక ఆవిడ, "మెల్లగా చెప్పినా నాకు అర్థమవుతుంది సార్" అంది. ఆ వారమే ఆవిడ ఫైల్లోకి ఒక వాక్యం ఎక్కింది. "ఈమెది నోటి దురుసు, పెద్దలకు ఎదురు చెప్పే స్వభావం."

ఆవిడ గొంతు పక్క బల్ల దాటి వినిపించిన రోజు లేదు. పిలిచిందో లేదో తెలియక అటెండరు అప్పుడప్పుడు తనే వచ్చి చూసి పోతుండేవాడు. అలాంటి మనిషికి నోటి దురుసు అని రాసినవాడు ఎవరయ్యా అంటే, రంపం. పదకొండేళ్ళలో హెడ్ క్లర్కు పదవి రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ ఆ వాక్యాన్ని చూసి ఆవిణ్ణి పక్కన పెట్టారు. వాక్యాన్ని కొట్టెయ్యాలంటే రాసిన అధికారే, ఉద్యోగంలో ఉండగానే, వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టాలి. ఆవిడ నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ "రాసింది రాసినట్టే" అన్నాడు.

ఇప్పుడాయన రిటైరవుతున్నాడు. వచ్చే నెలలో హెడ్ క్లర్కు కుర్చీ మళ్ళీ ఖాళీ అవుతుంది. సారు గుమ్మం దాటి వెళ్ళిపోతే ఆ వాక్యాన్ని ఇక ఎవరూ కదపలేరు.

వీడ్కోలు సభలో చదవడానికి సన్మాన పత్రం కావాలన్నారు. ఆవిడ భాష బాగుంటుందని పని ఆవిడకే అంటగట్టారు. ఆ సంగతి తెలిసి సారు లోపలికి పిలిచాడు.

"పత్రం నువ్వు రాస్తున్నావటగా. ఏదో గీకి పారెయ్యకు. దాన్ని పటం కట్టించి మా వియ్యాలవారింటి ముందుగదిలో కూడా ఒకటి పెట్టిస్తున్నా. నీ కాగితం కూడా టైపు చేసి తెచ్చుకో, చూద్దాం."

"సంతకం పెడతారా సార్?"

"చూద్దామన్నానా? మళ్ళీ ఏంటి?"

రెండు రోజులు భోజనాల వేళ కాషియరునూ ఫిట్టరునూ కూర్చోబెట్టుకుని ఆవిడ ఆ పత్రం రాసింది. అబద్ధం రాయకూడదని పట్టుదల. సారు అరుస్తాడని ఫిట్టరు అంటే, ఆవిడ "గంభీరమైన కంఠస్వరం" అని రాసింది. ఎవరి మాటా వినడంటే "నిర్ణయం మార్చుకోని స్థిరచిత్తుడు" అయింది. పుల్లవిరుపు మాటలేమో "మితభాషి"లో ఇమిడిపోయాయి. ఫిట్టరు సెలవు చీటీ సంగతి దగ్గర కలం ఆగింది. చాలాసేపు ఆలోచించి "నిర్మొహమాటి" అని పెట్టింది. ఫిట్టరు ఆ మాట కేసి చూసి, "నా చేత బాగానే సన్మానం చేయిస్తున్నావక్కా" అన్నాడు. ఆవిడకు సిగ్గేసింది, కానీ కొట్టెయ్యలేదు. తన కాగితం మీద సంతకం కావాలి మరి.

సారు పత్రం చదివి మొహం చిట్లించాడు.

"ఇదేం రాత? గంభీరం ఏంటి, నిర్మొహమాటి ఏంటి? నలుగురూ చూసేది. తిట్టినట్టుంది."

"మీరు ముక్కుసూటి మనిషినంటారు కదా సార్. అదే అర్థం."

"అనుకోవడం వేరు, గోడకి తగిలించుకోవడం వేరు. మా వియ్యపురాలు చదివితే ఏమనుకుంటుంది?" ఎర్ర కలం తీసి వరసగా గీతలు కొట్టాడు. "పోయినేడు రిటైరైనాయనకి మృదుభాషి అని పెట్టారు. నాకెందుకు పెట్టలేదు? నేనేం తక్కువ తిన్నానా?"

మృదుభాషి, స్నేహశీలి, కిందివారిని కన్నబిడ్డల్లా చూసుకున్న దయామూర్తి. మూడూ తన చేత్తోనే పైన రాసి పత్రం వెనక్కి తోశాడు. పదకొండేళ్ళుగా ముక్కుసూటితనం మీద పాఠం చెప్పించుకున్న ఆవిడకు, ఆ ఎర్ర అక్షరాలు చూస్తుంటే మనిషి మీద మిగిలిన కాస్త భయం కూడా పోయి వట్టి రోత మిగిలింది. తను ఎలా మాట్లాడతాడో ఆయనకు తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ తెలిసే మాట్లాడాడు. ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఆవిడ టైపు చేసి తెచ్చిన కాగితాన్ని ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సభ అయ్యాక" అన్నాడు.

ఆ నెల చివరి రోజు నాలుగింటికి మీటర్ల గదిలో కుర్చీలు వేసి సభ పెట్టారు. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సారు ఆయన కేసి తిరిగినప్పుడల్లా చిరునవ్వు, అటెండరు కేసి తిరిగినప్పుడల్లా ఉరిమే చూపు. నలుగురు మాట్లాడారు. అందరూ ఆయన ఆరోగ్యం గురించే మాట్లాడారు, ఇంకేం మాట్లాడాలో తోచక.

టైపిస్టు లేచి మైకు ముందు పత్రం చదవడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే మెత్తగా, తొందర లేకుండా. రెండు వాక్యాలు కాలేదు, పక్కనుంచి గద్దింపు.

"గట్టిగా చదువు. ఎవరికి వినిపిస్తుంది?"

ఆవిడ కాస్త పెంచింది.

"అన్నం తినలేదా? ఇటు తే."

కుర్చీలోంచి లేచొచ్చి, పత్రం ఆవిడ చేతిలోంచి లాక్కుని, మైకు తన వైపు తిప్పుకుని, తన సన్మాన పత్రం తనే చదువుకోవడం మొదలుపెట్టాడు. "మృదుభాషి" అన్న మాట ఆ గొంతులోంచి బయటికి రాగానే మైకు కీచుమంది. వెనక వరసలో ఫిట్టరు నవ్వాపుకోలేక దగ్గాడు. "స్నేహశీలి" దగ్గర ఇంకో ఇద్దరు దగ్గారు. సారు వాళ్ళ మీద గుడ్లురిమి, "కిందివారిని కన్నబిడ్డల్లా" అని కసిరినట్టు చదివాడు. దాంతో గదంతా ఒక్కసారి గొల్లుమంది. కాషియరు తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. హెడ్డాఫీసు పెద్దమనిషి జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ జేబురుమాలు చూశాకే సారుకు ఏదో జరిగిందని అర్థమైంది.

"ఎందుకు నవ్వుతున్నారు?"

ఆయన టైపిస్టు వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. ఏం రాసి తగలేశావు ఇందులో? ఎందుకు నవ్వుతున్నారు వీళ్ళంతా?"

ఆయన చొక్కా జేబులోంచి ఆవిడ కాగితం అంచు కనిపిస్తోంది. పక్కనే కలం. "మీరంటే ఇష్టంతో నవ్వుతున్నారు సార్" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాషియరు నవ్వు ఆపి, ఏమీ అనవద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఆవిడ మైకు తన వైపు తిప్పుకుంది.

"మీ గొంతు విని నవ్వుతున్నారు సార్" అంది, ఎప్పటి మెత్తటి గొంతుతోనే. "ఆ మాటలు నేను రాయలేదు. మీరే చేర్చుకున్నారు."

గదిలో చివరి కుర్చీ దాకా వినిపించింది. నవ్వు ఆగిపోయింది. సారు నోరు తెరిచాడు, హెడ్డాఫీసు పెద్దమనిషి తన కేసే చూస్తున్నాడని గుర్తొచ్చి మూసేశాడు. తిట్టడానికి వీల్లేని చోట ఆయన దగ్గర చెప్పడానికి మాటే లేదు. జేబులోంచి కాగితం తీసి, సంతకం లేకుండానే బల్ల మీదికి విసిరి, వచ్చి కూర్చున్నాడు. ఎవరో టీ తెచ్చారు. అయిదింటికి పత్రం పటం చంకన పెట్టుకుని ఒక్కడే మెట్లు దిగి వెళ్ళాడు. కిందిదాకా సాగనంపడానికి ఎవరూ లేవలేదు.

మర్నెల హెడ్ క్లర్కు కుర్చీలోకి ఆవిడ కంటే ఆరేళ్ళ చిన్నవాడు వచ్చాడు. ఏ బీరువాలో ఏ ఫైళ్ళు ఉన్నాయో ఆవిడే దగ్గరుండి చూపించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చేతిసంచి దించకుండానే కుర్చీలో కూలబడి ఏడ్చింది. గడియారాలు బాగుచేసే భర్త దుకాణం కట్టేసి వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. ఆయన మంచినీళ్ళు ఇచ్చి, పక్కన కూర్చుని, ఇన్ని రోజులూ అడగనిది అడిగాడు.

"ఒక్క నిమిషం ఓర్చుకుని ఉంటే సంతకం అయిపోయేది కదా?"

"అయిపోయేదే" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "పదకొండేళ్ళు ఓర్చుకున్నానండీ. ఆ ఒక్క నిమిషం మాత్రం నా దగ్గర మిగల్లేదు."